భూదానోద్యమ పత్రాల పరిరక్షణ: శివరాంపల్లి నుంచి షాద్‌నగర్ దాకా

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఒక గ్రామీణ ఉద్యమం ఎలాంటి పత్రాలను మిగిల్చి వెళుతుందో గుర్తించగలుగుతారు. వాటిని విడి కాగితాలుగా కాక, వాటి మధ్య ఉన్న సంబంధంతో సహా ఎందుకు కాపాడాలో వివరించగలుగుతారు. మీ ఊళ్లో అటువంటి కట్ట ఒకటి బయటపడితే మొదట ఏం చేయాలో, ముఖ్యంగా ఏం చేయకూడదో తెలుసుకుంటారు.

1. పరిచయం

హైదరాబాదు నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి పాత రోడ్డు మీద వెళ్లేవారు ఆరాంఘర్ చౌరస్తా దాటి వెళతారు. ఆ పక్కనే శివరాంపల్లి. ఇప్పుడు నగరంలో కలిసిపోయిన ఈ ఊరు 1951లో నగరానికి దూరంగా ఉన్న పల్లె. ఆ ఏడాది ఏప్రిల్‌లో అక్కడ సర్వోదయ సమ్మేళనం జరిగింది. దానికి హాజరవడానికి వినోబా భావే వార్ధా దగ్గరి పౌనార్ ఆశ్రమం నుంచి మార్చి 8న కాలినడకన బయలుదేరి వచ్చారు. సమ్మేళనం ముగిశాక తిరిగి నేరుగా పౌనార్ వెళ్లలేదు. తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా సాగుతున్న రోజులవి. హైదరాబాదు జైలులో ఉన్న కమ్యూనిస్టు ఖైదీలను కలిసి, ఏప్రిల్ 15న, శ్రీరామనవమి నాడు, నల్లగొండ పల్లెల వైపు నడక మొదలుపెట్టారు. మూడు రోజుల తరువాత, ఏప్రిల్ 18న, పోచంపల్లిలో దళిత కుటుంబాలవారు తమకు 80 ఎకరాలు ఉంటే బతుకుతామని చెప్పారు. అదే సభలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. భూదానోద్యమానికి ఇది ఆరంభమని మీరు వేరే పాఠాల్లో చదివే ఉంటారు.

కాబట్టి పోచంపల్లి పేరు అందరికీ తెలుసు. శివరాంపల్లి పేరు తక్కువమందికి తెలుసు. ఆ నడక అక్కడ మొదలైందని చెప్పే గుర్తు ఆ రోడ్డు మీద వెళ్లేవారి కంటికి ఆనదు.

అదే రోడ్డు పట్టుకుని మరికాస్త చూద్దాం. శివరాంపల్లిని ఆనుకుని ఉన్న రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ ఉంది. 1958లో ముస్సోరీలో సమాజ వికాస అధ్యయన కేంద్రంగా పుట్టి, 1960ల్లో ఇక్కడికి తరలివచ్చిన సంస్థ ఇది. ఇంకా దక్షిణానికి శంషాబాద్, ఆ తరువాత షాద్‌నగర్. 1959 అక్టోబరు 11న జవహర్‌లాల్ నెహ్రూ ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థను షాద్‌నగర్‌లోనే ప్రారంభించారు. స్వచ్ఛంద ఉద్యమం ఒక చివర, ప్రభుత్వ కార్యక్రమం మరొక చివర. ఈ రెండూ ఒకదానికొకటి సంబంధం లేనివి కావు. 1952 అక్టోబరు 2న మొదలైన సమాజ వికాస పథకమూ, భూదానం నుంచి ఎదిగిన గ్రామదానమూ కలిసి పనిచేయాలని 1957 సెప్టెంబరులో మైసూరు దగ్గరి ఏల్వాల్‌లో జరిగిన సమావేశం కోరింది.

ఈ రెండు చివరల మధ్య 2008 మార్చిలో సుమారు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం పనిచేయడం ప్రారంభించింది. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. ఎవరికీ అక్కరలేని గట్టు, పడావు పడిన చెలక ఇప్పుడు కోట్ల రూపాయల ఆస్తి. పాత పత్రాల సంరక్షణ అనే విషయాన్ని ఈ ప్రాంతం ఆధారంగా చెప్పుకోవడానికి కారణం ఇదే. ఇక్కడ భూదాన కాగితం చరిత్రకారుడికి ఎంత అవసరమో, దానం పొందిన కుటుంబం మనుమడికి అంతకన్నా ఎక్కువ అవసరం.

2. ఒక దానం ఎన్ని కాగితాలవుతుంది?

దానం మాటతో మొదలైనా, మాటతో నిలవదు. ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. 1950ల్లో ఒక గ్రామంలో ఒక భూస్వామి ఒక సర్వే నంబరులోని 20 ఎకరాల్లో 6 ఎకరాలు దానం చేశాడనుకోండి. మొదట ఒక దానపత్రం పుడుతుంది. అందులో దాత పేరు, తండ్రి పేరు, గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం, సంతకం లేదా వేలిముద్ర, సాక్షుల పేర్లు ఉంటాయి. పాదయాత్ర బృందంలో ఎవరో ఒకరు దానిని ఆనాటి దానాల జాబితాలో ఎక్కిస్తారు. అదే రోజు సభ గురించి డైరీలో నాలుగు వాక్యాలు రాస్తారు. తరువాత ఆ దానం చట్టబద్ధమయ్యే దశ వస్తుంది. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ భూదాన గ్రామదాన చట్టం వచ్చాక భూదాన యజ్ఞ బోర్డు, రెవెన్యూ అధికారులు ఇద్దరూ ఇందులో భాగస్వాములు. కనుక విచారణ కాగితాలు, ధ్రువీకరణ ఉత్తర్వు, బోర్డు రిజిస్టరులో నమోదు కూడా చేరతాయి.

ఆపైన పంపిణీ. గ్రామంలో అందరి ఎదుట భూమి లేనివారిని ఎంపిక చేయడం ఉద్యమం పాటించిన పద్ధతి. ఆ సభ తీర్మానం, లబ్ధిదారుల జాబితా, ప్రతి కుటుంబానికి ఇచ్చిన పట్టా లేదా ధ్రువపత్రం. చివరగా, అన్నింటికన్నా కీలకమైనది, గ్రామ పహాణీలో అనుభవదారుగా ఆ కుటుంబం పేరు ఎక్కడం.

లెక్కపెట్టి చూడండి. ఒకే ఆరెకరాలకు పది రకాల కాగితాలు, కనీసం నాలుగు చోట్ల: ఉద్యమ కార్యకర్త సంచిలో, బోర్డు కార్యాలయంలో, తహసీలు కచేరీలో, ఆ కుటుంబం ఇంట్లో ట్రంకుపెట్టెలో. వీటిలో ఏ ఒక్కటీ తనంత తానుగా పూర్తి కథ చెప్పదు. దానపత్రం ఉండి పహాణీలో నమోదు లేకపోతే దాత వారసులు భూమి తమదే అంటారు. పట్టా ఉండి దానపత్రం దొరకకపోతే ఆ పట్టా ఏ అధికారంతో ఇచ్చారని అడుగుతారు. రెండూ ఉండి, 20 ఎకరాల్లో ఆ ఆరెకరాలు ఏ మూలనో చూపే హద్దుల వివరం లేకపోతే సర్వేయరు వచ్చి కూడా ఏమీ తేల్చలేడు.

ఇది ఊహ మాత్రమే కాదు. విమానాశ్రయానికి తూర్పున ఉన్న మహేశ్వరం మండలం నాగారం గ్రామంలోని భూదాన భూముల వివాదం తెలంగాణ హైకోర్టుకు వెళ్లింది. 2025 ఏప్రిల్‌లో కోర్టు కొన్ని సర్వే నంబర్లలోని భూమిని ఎవరికీ బదలాయించకుండా నిషేధిత జాబితాలో ఉంచమని ఆదేశించింది. ఆ భూమి ఎవరిదన్నది న్యాయస్థానం తేల్చే విషయం, ఈ పాఠం దానిలోకి వెళ్లదు. మనం గమనించవలసింది ఒక్కటే. దానం జరిగి దశాబ్దాలు గడిచాక కూడా వాదన అంతా ఏ రిజిస్టరులో ఏ పేరు ఉంది అన్నదాని చుట్టూనే తిరుగుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పై ఉదాహరణలో లబ్ధిదారుడి దగ్గర పట్టా తప్ప మరేదీ లేదనుకోండి. మిగిలిన కాగితాలను వెతకడానికి మీరు ఏయే చోట్లకు, ఏ క్రమంలో వెళతారు? కారణాలతో రాయండి.

3. ఆఫీసు మారింది, కాగితం ఎక్కడికి పోయింది?

పాత పత్రం కోసం వెతికేవారికి పరిపాలనా చరిత్ర తెలియాలి. ఇది విద్యార్థులకు విసుగు పుట్టించే అంశం. కానీ ఆర్కైవ్స్‌లో పనిచేసేవారు సగం చిక్కులు దీనితోనే విప్పుతారు.

వినోబా శివరాంపల్లికి వచ్చిన నాటికి అది హైదరాబాదు రాష్ట్రం. నిజాం సొంత భూములైన సర్ఫెఖాస్ కింద ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాను, బాగాత్ జిల్లాతో కలిపి, 1948లో హైదరాబాదు జిల్లాగా చేశారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1978 ఆగస్టు 15న హైదరాబాదు జిల్లా నుంచి రంగారెడ్డి జిల్లాను విడదీశారు. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. ఆ మరుసటి సంవత్సరం నాటి చట్టంతో పంచాయతీ సమితులు పోయి మండల పరిషత్తులు వచ్చాయి. 2014లో తెలంగాణ రాష్ట్రం. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనలో అంతవరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న షాద్‌నగర్ రంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. 2018లో శంషాబాద్ గ్రామ పంచాయతీ స్థాయి దాటి పురపాలక సంఘమైంది. 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల పదవులను రద్దు చేశారు.

ఇన్ని మార్పుల్లో ప్రతిసారీ రికార్డులు ఒక గది నుంచి మరొక గదికి కదిలాయి. కదిలిన ప్రతిసారీ కొన్ని తగ్గుతాయి. వీటిలో పట్వారీల రద్దు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది. గ్రామ లెక్కలు పట్వారీ ఇంట్లోనే ఉండేవి. తరతరాలుగా వచ్చిన ఆ దఫ్తరాన్ని ఒక్క ఉత్తర్వుతో అప్పగించవలసి వచ్చింది. అందరూ అన్నీ అప్పగించారని చెప్పలేం. పాత పహాణీ ఒకటి ఏదో ఇంటి అటక మీద దొరికిందనే మాట పల్లెల్లో ఇప్పటికీ వింటాం.

కనుక ఉదాహరణకు షాద్‌నగర్ సమితి తొలి సంవత్సరాల మినిట్స్ పుస్తకం కావాలంటే నేటి రంగారెడ్డి కలెక్టరేటులో అడిగి, లేదన్నారని తిరిగి రాకూడదు. అది పుట్టిన నాటి జిల్లా ఏదో చూసి మహబూబ్‌నగర్‌లో కూడా అడగాలి. ఒక పత్రాన్ని వెతికేటప్పుడు ‘ఇప్పుడు ఎవరి పరిధి?’ అని కాక ‘ఆ రోజున ఎవరి పరిధి?’ అని అడగడం అలవాటు చేసుకోండి.

4. మూల సంస్థ, మూల క్రమం

ఆర్కైవ్స్ శాస్త్రంలో రెండు సూత్రాలు ముఖ్యమైనవి. ఒక సంస్థ లేదా వ్యక్తి సృష్టించిన కాగితాలను మరొకరి కాగితాలతో కలపరాదన్నది మొదటిది. దీనిని 1841లో ఫ్రాన్స్ ప్రభుత్వం తన పత్రాగారాలకు నియమంగా విధించింది. ఆ కాగితాలు ఏ వరుసలో ఉండేవో ఆ వరుసను చెదరగొట్టరాదన్నది రెండవది. 1898లో ముగ్గురు డచ్చి ఆర్కైవిస్టులు రాసిన కరదీపిక దీనిని ప్రపంచమంతటికీ నేర్పింది.

గ్రంథాలయ పద్ధతికి అలవాటుపడినవారికి ఇది వింతగా తోస్తుంది. లైబ్రరీలో పుస్తకాలను విషయాన్ని బట్టి సర్దుతాం. అదే తీరున ఒక సర్వోదయ కార్యకర్త ఇంట్లో దొరికిన కట్టలోని కాగితాలను ఉత్తరాలు ఒక దొంతి, దానపత్రాలు ఒక దొంతి, ఫొటోలు ఒక దొంతిగా విడదీస్తే చూడటానికి శుభ్రంగా ఉంటుంది. అయితే ఒక దానపత్రానికి గుండుసూదితో గుచ్చి ఉన్న చిన్న చీటీ, ‘దాత కొడుకు ఒప్పుకోవడం లేదు, మళ్లీ వెళ్లాలి’ అని రాసి ఉన్నదనుకుందాం, అది ఉత్తరాల దొంతిలోకి వెళ్లిపోతుంది. ఆ చీటీ ఏ దానానికి సంబంధించినదో ఇక ఎవరూ చెప్పలేరు. ఆ దానం పంపిణీ కాకుండా ఎందుకు ఆగిపోయిందో చెప్పే ఏకైక ఆధారం కాగితంగా మిగిలే ఉంటుంది, అర్థం మాత్రం పోతుంది.

దేశం మొత్తం మీద భూదానంలో 40 లక్షల ఎకరాలకు పైగా వచ్చిందని చెబుతారు. అందులో పెద్ద భాగం పేదల చేతికి చేరలేదన్నది కూడా అందరూ ఒప్పుకునేదే. కొన్ని బంజరు, కొన్ని వివాదాల్లో ఉన్నవి, కొన్ని దాతలకే హక్కు లేనివి. ఉద్యమం ఎక్కడ గెలిచిందో, ఎక్కడ తడబడిందో అంచనా వేయాలంటే సభల ఫొటోల కన్నా అటువంటి చీటీలే ఎక్కువ పనికివస్తాయి. నా అభిప్రాయంలో మన దగ్గర ఉద్యమ చరిత్రలు చాలావరకు నాయకుల ఉపన్యాసాలుగా మిగలడానికి ఒక కారణం ఇదే. ఉపన్యాసాలు అచ్చయ్యాయి. చీటీలు చిత్తుకాగితాల్లోకి వెళ్లాయి.

అందువల్ల కట్ట దొరకగానే దాన్ని విప్పకముందు ఫొటో తీయండి. ఏ ఇంట్లో, ఏ పెట్టెలో, ఎవరి దగ్గర దొరికిందో రాయండి. పైనుంచి కిందికి ఒక్కొక్క కాగితానికి మెత్తని పెన్సిలుతో వెనుక మూలన వరుస సంఖ్య వేయండి. ఆ తరువాతే చదవడం మొదలుపెట్టండి.

5. భాష, లిపి, కాలమానం

1951 నాటి హైదరాబాదు రాష్ట్రంలో రెవెన్యూ భాష ఉర్దూ. కాబట్టి మన ప్రాంతంలోని తొలి భూదాన పత్రాలను అర్థం చేసుకోవడానికి పక్కన పెట్టుకోవలసిన సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ వంటి మూల రికార్డుల్లో ఉర్దూ ఎదురవుతుంది. ఉద్యమ కార్యకర్తలు తెలుగులో, హిందీలో రాశారు. చట్టం ఇంగ్లీషులో వచ్చింది. ఒకే సర్వే నంబరు కథను చదవడానికి నాలుగు భాషలు కావాలి.

ఉర్దూ లిపిలో బ, ప, త అక్షరాల రూపం ఒకటే, చుక్కల సంఖ్య, స్థానం మాత్రమే తేడా. వేగంగా రాసే గుమాస్తా చుక్కలు వదిలేస్తే మనిషి పేరు మారిపోతుంది. అంకెల్లో 2కూ 3కూ మధ్య తేడా ఒక చిన్న పన్ను గీత. ఈ కారణాల వల్ల పత్రాన్ని తెలుగులోకి మార్చి రాసుకునేటప్పుడు మీకు తోచిన ‘సరైన’ పేరును నేరుగా రాసేయకండి. ఉన్నది ఉన్నట్టు రాసి, అనుమానం ఉన్నచోట ప్రశ్నార్థకం పెట్టి, మీ ఊహను పక్కన విడిగా రాయండి. రేపు ఆ కాగితం కోర్టులో నిలబడవలసి వస్తే మీ సవరణే దానికి శత్రువవుతుంది.

తేదీలు మరొక చిక్కు. పాత కాగితాల మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తు శకం వస్తుంది. 1360 ఫసలీ అంటే 1950-51 ప్రాంతం. సంవత్సరం మధ్యలో మారుతుంది కనుక ఒక ఏడాది అటూ ఇటూ కావచ్చు. నెలలకు ఆజుర్, దై, బహ్మన్ వంటి పారశీక పేర్లు కనిపిస్తాయి. విస్తీర్ణం ఎకరాలు, గుంటల్లో ఉంటుంది. 40 గుంటలు ఒక ఎకరం కాబట్టి ‘6.20’ అని కనిపిస్తే అది ఆరున్నర ఎకరాలు, ఆరెకరాల ఇరవై సెంట్లు కాదు. కంప్యూటరులో ఎక్కించేటప్పుడు ఈ బిందువును దశాంశంగా పొరబడే ప్రమాదం ఎక్కువ.

6. కాగితం ఎలా పాడవుతుంది?

1950ల కాగితంలో చాలా భాగం చవకరకం కలప గుజ్జుతో చేసినది. అందులోని ఆమ్లం కాలక్రమంలో కాగితాన్ని పసుపు రంగులోకి, తరువాత గోధుమ రంగులోకి మార్చి, చివరకు వేలితో ముడితే విరిగేలా చేస్తుంది. సైక్లోస్టైలు కాగితాలు, కార్బన్ నకళ్లు, న్యూస్‌ప్రింటు మీద అచ్చయిన కరపత్రాలు అన్నింటికన్నా ముందు పోతాయి. విచిత్రమేమిటంటే హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొగలుల కాలం నాటి దక్కన్ పత్రాలు నేటికీ చదవగలిగే స్థితిలో ఉన్నాయి. అవి చేత్తో చేసిన నార కాగితం మీద, మసి సిరాతో రాసినవి. డెబ్బై ఏళ్ల కరపత్రం మాత్రం మడత దగ్గర చిరుగుతుంది.

మంచి పత్రాగారంలో ఉష్ణోగ్రత 20-25 డిగ్రీలు, గాలిలో తేమ 45-55 శాతం మధ్య ఉంచుతారు. పల్లెలో అది సాధ్యం కాదు. అయినా చేయగలిగినవి ఉన్నాయి. పెట్టెను నేల మీద కాక బల్ల మీద, గోడకు జానెడు దూరంగా ఉంచాలి. చెదలు నేల నుంచీ గోడ నుంచీ వస్తాయి. వానాకాలంలో తేమ 65 శాతం దాటితే బూజు పడుతుంది కనుక గాలి ఆడాలి. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి, తేమ లోపలే ఉండిపోతుంది. మన పాత కచేరీల్లో దఫ్తరాలను నూలు గుడ్డలో బస్తాగా కట్టేవారు. అది తెలివైన ఆచారం, ఇప్పటికీ పనికివస్తుంది. తుప్పుపట్టే గుండుసూదులు తీసేయాలి, తీసేముందు ఏ కాగితాలు కలిసి ఉన్నాయో రాసుకుని.

సెల్లో టేపు అంటించకండి. కొన్నేళ్లకు దాని జిగురు గోధుమ రంగు మరకగా మారి అక్షరాలను తినేస్తుంది. వీధి చివర జిరాక్సు షాపులో లామినేషన్ చేయించకండి. వేడికి కరిగి కాగితానికి అతుక్కున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడదు. పట్టాదారు పత్రాన్ని భద్రంగా దాచుకోవాలన్న ప్రేమతో చాలా కుటుంబాలు సరిగ్గా ఇదే చేస్తాయి. వారిని తప్పుపట్టే బదులు ముందుగా ఒక నూలు గుడ్డ, ఒక గట్టి కవరు ఇచ్చి రావడం మేలు.

7. స్కాన్ చేస్తే చాలా?

చాలదు. అయినా చేయాలి. మూల ప్రతిని మళ్లీ మళ్లీ తాకే అవసరం తప్పిస్తుంది, అగ్నిప్రమాదం నుంచి కాపాడుతుంది. కనీసం 300 డీపీఐ స్పష్టతతో, రంగుల్లో, ఖాళీగా కనిపించే వెనుక పుటతో సహా స్కాన్ చేయాలి. వెనుక పుటలోనే ముద్ర, రసీదు సంఖ్య, ఎవరో గీసిన హద్దుల చిత్తు పటం ఉంటాయి. మూడు ప్రతులు, అందులో ఒకటి వేరే ఊళ్లో. ఫైలు పేరులో గ్రామం, కట్ట సంఖ్య, కాగితం వరుస సంఖ్య ఉండాలి. పేరు లేని వెయ్యి బొమ్మల కన్నా చేతిరాత జాబితా ఉన్న వంద కాగితాలు మేలు.

తెలుగు సంస్థలకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉంది. 1990ల నుంచి చాలా సంస్థలు తమ నివేదికలను, పత్రికలను అను వంటి ఫాంట్లతో పేజ్‌మేకరులో తయారుచేశాయి. అవి యూనికోడ్ కావు. ఆ ఫైలును ఈనాటి కంప్యూటరులో తెరిస్తే అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. కాగితం అయితే చిరిగినా కొంత చదవగలం. ఈ ఫైళ్లు చెక్కుచెదరకుండా ఉండి కూడా చదవరానివి. అందుకని యూనికోడ్‌లోకి మార్చుకోవడం, ఆ లోపల ఒక అచ్చు ప్రతి తీసి పెట్టుకోవడం అవసరం.

రాష్ట్రంలో 2020 అక్టోబరులో ధరణి, 2025లో భూభారతి పేరుతో భూమి వివరాలు కంప్యూటరులోకి ఎక్కాయి. వీటి మంచిచెడుల చర్చ వేరే పాఠంలో ఉంటుంది. మన విషయానికి వస్తే, కంప్యూటరులో కనిపించేది చివరి వాక్యం మాత్రమే. ఆ వాక్యానికి ముందు ఏం జరిగిందో తెలియాలంటే పాత పహాణీలు వరుసగా, ఏడాది వెంట ఏడాది, చూడవలసిందే. తెర మీద వివరం వచ్చింది కదా అని పాత బస్తాలను తూకానికి వేయడం పెద్ద నష్టం.

8. చట్టం ఏం చెబుతుంది?

1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకూ, దాని సంస్థలకూ వర్తిస్తుంది. నిబంధనలకు విరుద్ధంగా రికార్డును నాశనం చేస్తే ఐదేళ్ల దాకా జైలు శిక్ష ఉండవచ్చు. 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రతి ప్రభుత్వ సంస్థా తన రికార్డులను జాబితా చేసి, సూచికతో నిర్వహించాలని చెబుతుంది. ‘ఫైలు దొరకలేదు’ అనే జవాబు వచ్చినప్పుడు ఈ సెక్షన్‌ను గుర్తుచేయవచ్చు. అయితే స్వచ్ఛంద ఉద్యమం సొంత కాగితాలకు ఇటువంటి రక్షణ లేదు. ఆశ్రమం మూతపడినా, కార్యకర్త చనిపోయినా అవి ఎవరి బాధ్యతా కాకుండా పోతాయి.

వారణాసిలో జరిగింది చూడండి. సర్వోదయ ఉద్యమానికి కేంద్ర సంస్థ అయిన సర్వ సేవా సంఘ్‌కు రాజ్‌ఘాట్‌లో ప్రాంగణం ఉండేది. వినోబా ఉపన్యాసాలతో సహా సర్వోదయ సాహిత్యం అచ్చయి దేశమంతా వెళ్లింది అక్కడి నుంచే. ఆ స్థలం విషయంలో రైల్వేకు, సంఘ్‌కు వివాదం వచ్చింది. 2023 జూలైలో ప్రాంగణాన్ని ఖాళీ చేయించారు, గ్రంథాలయంలోని పుస్తకాలు బయటికి వచ్చాయి, ఆగస్టు 12న భవనాలను కూల్చివేశారు. ఊరూరా తిరిగి భూమికి హక్కుపత్రాలు సేకరించిన ఉద్యమం చివరకు తన స్థలం హక్కు గురించే వాదించవలసి రావడం ఎంత విచిత్రమో మీరే ఆలోచించండి. ఒకే చోట, ఒకే ప్రతిగా ఏదీ ఉండకూడదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

సహాయం చేసే మార్గాలు లేకపోలేదు. బ్రిటిష్ లైబ్రరీ 2004 నుంచి నడుపుతున్న ఒక కార్యక్రమం ప్రపంచంలో ఎక్కడైనా ప్రమాదంలో ఉన్న పత్రాల డిజిటల్ నకళ్లకు నిధులిస్తుంది. మూల ప్రతులు ఆ దేశంలోనే ఉండాలన్నది దాని నియమం. కట్టను సొంతం చేసుకోకుండా, నకలు తీసుకుని తిరిగి ఇచ్చేయడం అనే ఈ పద్ధతిని మన విశ్వవిద్యాలయాలూ పాటించవచ్చు. భూమి కాగితం అడిగి తీసుకుపోయేవారిని చూస్తే పల్లెల్లో భయపడతారు. ఆ భయానికి కారణాలున్నాయి.

9. కాగితం లేనిచోట

భూమి పొందినవారిలో చాలామందికి చదువు రాదు. వారి వైపు కథ ఏ డైరీలోనూ లేదు. దానిని వారి నోటనే వినాలి. ఆ తరం దాదాపు వెళ్లిపోయింది, ఇక వారి పిల్లలు మిగిలారు. సంవత్సరం అడిగితే చెప్పలేరు. ‘పోలీసు యాక్షన్‌కు ముందా, తరువాతా?’, ‘మీ పెద్దబిడ్డ పెండ్లి అప్పటికి అయిందా?’ అని అడిగితే కచ్చితంగా చెబుతారు. ‘వినోబా ఇచ్చిన భూమి’ అని ఒకరు, ‘పటేలు ఇచ్చిన భూమి’ అని మరొకరు అనవచ్చు. రెంటిలో ఏది ఒప్పు అని తేల్చే పని మీది కాదు, రెండూ రాసుకోండి. మాట్లాడినవారి అనుమతిని ముందే అడగాలి. వివాదంలో ఉన్న భూమి అయితే రికార్డింగును ఎవరు వినవచ్చో కూడా వారే చెప్పాలి.

జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల సభ్యులు తామే కెమెరా పట్టి తమ వ్యవసాయాన్ని చిత్రీకరించారు. 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు. ఆ సంస్థ చరిత్ర రాసే పరిశోధకుడికి సంస్థ నివేదికలతో పాటు ఆ మహిళల గొంతులు కూడా దొరుకుతాయి. భూదానానికి ఆ అవకాశం లేకపోయింది. 1951లో పోచంపల్లి సభలో 80 ఎకరాలు అడిగిన కుటుంబాలు ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి ఏమనుకున్నాయో మనకు కాగితం మీద దొరకదు.

అభ్యాసం

మీ గ్రామంలో గానీ, పక్క గ్రామంలో గానీ భూదానం, పంచాయతీ సమితి, మహిళా మండలి, పాల సంఘం వంటి వాటిలో ఏదో ఒకదానికి చెందిన పాత కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయో విచారించండి. వాటిని తీసుకురాకండి. ఆ ఇంట్లోనే కూర్చుని కింది వివరాలతో రెండు పుటల జాబితా తయారుచేసి, ఒక ప్రతిని ఆ ఇంటివారికి ఇచ్చి, మరొకటి మీ అధ్యయన కేంద్రంలో సమర్పించండి: కట్ట ఎవరి దగ్గర, ఎలా వచ్చింది, కాగితాల సంఖ్య, భాష, లిపి, మొదటి తేదీ, చివరి తేదీ, ప్రస్తుత స్థితి, ఒక కాగితానికి జతగా ఉండవలసిన మరొక కాగితం ఏ కార్యాలయంలో దొరకవచ్చు. భూమి వివరాలున్న కాగితాల్లోని సర్వే నంబర్లను, వ్యక్తుల పేర్లను కేంద్రానికి ఇచ్చే ప్రతిలో రాయవద్దు.